తల లోపల పెట్టకండి, ట్రే బయటికి తీయండి

నిజాంపేటలో మా ఇంటి వెనక గది 11 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. ఒకప్పుడు పాత సామాను పడేసుకునే గది. 2021 నుంచి అందులో నేనూ మా తోడికోడలూ మైక్రోగ్రీన్స్, అంటే మొలకెత్తిన కొద్ది రోజులకే కోసి తినే లేత మొక్కలు, పెంచుతున్నాం. ముల్లంగి, ఆవ, పెసర, పొద్దుతిరుగుడు. రెండు ర్యాకుల్లో లెట్యూస్, బేసిల్. మొత్తం నాలుగు ఇనప ర్యాకులు, ఒక్కోదానికి ఐదు అరలు, ప్రతి అరకీ రెండేసి నాలుగడుగుల ఎల్‌ఈడీ ట్యూబులు. తలుపు తీస్తే గది పెళ్ళిపందిరిలా వెలిగిపోతూ ఉంటుంది.

కొత్తగా ఈ పనిలోకి దిగేవాళ్ళు నన్ను విత్తనాల గురించి అడుగుతారు, మట్టి బదులు వాడే కొబ్బరిపీచు పొట్టు, కోకోపీట్, ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు, కరెంటు బిల్లు ఎంతొస్తుందని అడుగుతారు. కళ్ళ గురించి ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. మేమూ మొదట్లో ఎవరినీ అడగలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

2022 వేసవిలో ఎర్ర లెట్యూస్‌కి రంగు సరిగా రావడం లేదని ఒక యూవీ-బి ట్యూబు తెప్పించాం. యూవీ, అంటే అతినీలలోహిత కాంతి, కాస్త తగిలితే ఆకులో ఎరుపు ముదిరే మాట నిజమే. ఆ ట్యూబు చూడటానికి లేత నీలంగా, వెలుగే లేనట్టు ఉంటుంది. పక్కనున్న తెల్ల లైట్ల ముందు అది వెలుగుతోందో లేదో కూడా తెలియదు. దాని కిందే కూర్చుని ముప్పావుగంట సేపు ట్రేలు కడిగాం, విత్తనాలు చల్లాం. అప్పుడు ఏమీ అనిపించలేదు. రాత్రి పదకొండింటికి పైవాటాలోంచి మా తోడికోడలు దిగొచ్చింది. "అక్కా, కళ్ళలో గుప్పెడు ఇసుక పోసినట్టుంది, తెరవలేకపోతున్నా" అంది. అప్పటికే నా కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఇద్దరం తడిగుడ్డలు వేసుకుని తెల్లారేదాకా చీకట్లో కూర్చున్నాం. పొద్దున కంటి డాక్టరు అడిగిన మొదటి మాట, "వెల్డింగ్ దగ్గర నిలబడ్డారా అమ్మా?" అని.

ఎండకు చర్మం కమిలినట్టు మా కార్నియా, అంటే నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర, కమిలిపోయింది. ఈ దెబ్బ తగిలినప్పుడు తెలియదు. సాధారణంగా 6 నుంచి 12 గంటల తర్వాత బయటపడుతుంది, ఒకటి నుంచి మూడు రోజుల్లో మానుతుంది. మాకు రెండు రోజులు పట్టింది. ట్యూబు పెట్టె మీద ఒక్క హెచ్చరిక ముక్క లేదు. ఆ రోజు నుంచి ఈ గదిలో లైట్లు ఎలా ఉండాలి, మేం ఎలా నిలబడాలి అన్నదంతా మళ్ళీ మొదటినుంచి ఆలోచించుకున్నాం.

ఎండలో లేని ఇబ్బంది ఇక్కడెందుకు

మా మరిది ఒకసారి అడిగాడు, "వదినా, పొలంలో రోజంతా మండుటెండలో పనిచేసేవాళ్ళకి లేని బాధ నీ గదిలో ఎందుకొస్తుంది?" అని. మంచి ప్రశ్న. మిట్టమధ్యాహ్నం ఆరుబయట వెలుగు లక్ష లక్స్ దాకా ఉంటుంది (వెలుగుని లక్స్‌లలో కొలుస్తారు). మా తెల్ల ట్యూబుల కింద, అడుగు దూరంలో, మీటరు 13,000 చూపించింది. లెక్కన చూస్తే ఎండే ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ ఎండ నెత్తిమీద ఉంటుంది. కనుబొమ్మలు, తలపాగా, చెట్టునీడ అడ్డం ఉంటాయి. సూర్యుడికేసి ఎవరూ చూడరు. ర్యాకులో లైటు సరిగ్గా కంటికి ఎదురుగా, జానెడు దూరంలో ఉంటుంది. నా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. నాలుగో అర లైటు నా కళ్ళకు సూటిగా వచ్చింది. పైగా వంగి కింది అర చూస్తే పై అర లైటు కింద తల దూరుతుంది.

ఎందుకు తల దూరుస్తామో ఈ పని చేసేవాళ్ళకి తెలుసు. ముల్లంగి మొలకెత్తిన మూడో రోజున వేళ్ళ చుట్టూ తెల్లటి నూగు కనిపిస్తుంది. అది బూజా, వేరు నూగా అని గుండె గుభేలుమంటుంది. దగ్గరగా చూడాలని మొహం అరలోకి పెట్టేస్తాం. మా ఇద్దరికీ రోజుకి ఇరవైసార్లైనా ఇది జరిగేది. ఇప్పుడు గది తలుపు మీద స్కెచ్ పెన్నుతో రాసి పెట్టుకున్నాం: "తల లోపల పెట్టకు, ట్రే బయటికి తియ్యి." ట్రే తీసి బల్ల మీద పెట్టి, మామూలు ట్యూబులైటు కింద నీళ్ళు స్ప్రే చేసి చూడండి. వేరు నూగైతే తడికి అణిగిపోయి కనిపించకుండా పోతుంది. బూజైతే అలాగే సాలెగూడులా మిగులుతుంది. కంటికీ మంచిది, పంటకీ మంచిది.

ముందు స్విచ్చు, తర్వాతే కళ్ళద్దాలు

కళ్ళు కాపాడుకోవడం అనగానే అందరూ ఏ కళ్ళద్దాలు కొనాలని అడుగుతారు. నా అనుభవంలో కళ్ళద్దాలు ఆఖరి మెట్టు. మొదటిది లైటు ఆపడం.

పని చేసేటప్పుడు లైటు వెలుగుతూ ఉండాల్సిన అవసరం మొక్కకి లేదు. గంటసేపు ఆపితే లెట్యూస్‌కీ మైక్రోగ్రీన్స్‌కీ ఏమీ కాదు. మేం 24 గంటల టైమర్ వాడతాం. అంచు చుట్టూ పుల్లలు ఉంటాయి చూడండి, ఒక్కో పుల్ల 15 నిమిషాలు. మొదట్లో పొద్దున ఐదింటికి లైట్ల వెలుగులోనే కోతలు కోసేవాళ్ళం. ఇప్పుడు మధ్యాహ్నం మూడింటికి వెలిగి మర్నాడు పొద్దున ఏడింటికి ఆరేలా పెట్టాం. పదహారు గంటలు పూర్తవుతుంది, రాత్రి చల్లదనంలో ఏసీ భారం కూడా తగ్గుతుంది. ఏడున్నర నుంచి పది దాకా కోతలు, కడుగుళ్ళు, విత్తనాలు చల్లడం అన్నీ లైట్లు ఆరిన గదిలో, సీలింగుకి బిగించిన, డిఫ్యూజర్ (వెలుగుని చెదరగొట్టే మూత) ఉన్న మామూలు ఎల్‌ఈడీ బ్యాటెన్ వెలుగులో చేస్తాం. సాయంత్రం నీళ్ళు పెట్టేటప్పుడు మాత్రం లైట్లు వెలుగుతూ ఉంటాయి. అందుకే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఒక్కో ర్యాకుకి విడిగా ఒక స్విచ్చు, గుమ్మం పక్కనే, చేతికందే ఎత్తులో పెట్టించాం. ఏ ర్యాకు దగ్గర పనుంటే అది ఆపుతాం, తక్కినవి వెలుగుతూనే ఉంటాయి. మేం ఈ గదికి పెట్టిన ఖర్చులన్నిటిలో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఈ నాలుగు స్విచ్చులే.

ఇంకో సంగతి కూడా ఈ సమయం మార్పుతో కలిసొచ్చింది. రాత్రి పది గంటలకి అంత వెలుగులో, అందులోనూ నీలం ఎక్కువున్న వెలుగులో, గంటసేపు పనిచేస్తే నిద్ర దూరమవుతుంది. నిద్రను పిలిచే మెలటోనిన్ ఊరడం వెనక్కి జరుగుతుంది. మొదట్లో మేం రాత్రిపూట కూడా పనిచేసేవాళ్ళం. అది మానేశాక మా తోడికోడలికి పడుకోగానే నిద్ర పడుతోంది.

కరెంటు పోయినప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. చీకట్లో ర్యాకు ముందే నిలబడి ఎదురుచూస్తారు. చీకటికి కంటిపాప విచ్చుకుని ఉంటుంది. అప్పుడు ఒక్కసారిగా అన్ని లైట్లూ మొహం మీద వెలిగితే కళ్ళు జిగేల్మంటాయి, కాసేపు ఏమీ కనిపించదు. నేల మీద తడి, చేతిలో కత్తెర. కరెంటు పోగానే ముందు ర్యాకు స్విచ్చులు ఆపి బయటికి రండి.

అంచు పట్టీ

రెండో మెట్టు లైటుకి చూరు కట్టడం. ఇంటికి చూరు ఎందుకు ఉంటుందో ర్యాకుకీ అందుకే కావాలి. ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపులో సన్‌బోర్డు అమ్ముతారు. తెల్లది, మూడు మిల్లీమీటర్ల మందంది తెచ్చి, నాలుగంగుళాల వెడల్పు పట్టీలుగా కోయండి. ప్రతి అర ముందు అంచుకి, ట్యూబుకి ముందు వేలాడేలా కేబుల్ టైలతో కట్టండి. ట్యూబుకి తగలకుండా రెండంగుళాలైనా ఎడం ఉండాలి. డ్రైవర్ల మీద, అంటే ఎల్‌ఈడీలకి కరెంటు సరిచేసి అందించే పరికరాల మీద, వాటి గాలి ఆడే చోట ఏదీ కప్పకండి. ఇప్పుడు నిలబడి చూస్తే ట్యూబు కనిపించదు, వెలుగు పడ్డ ఆకులు మాత్రమే కనిపిస్తాయి. పక్కకు వృథాగా పోయే వెలుగు తెల్ల పట్టీ మీద పడి మళ్ళీ మొక్కల మీదకే వస్తుంది. మీ ఎత్తుని బట్టి పట్టీ వెడల్పు మార్చుకోండి. కొలత తీసుకునేటప్పుడు ఇంట్లో అందరికన్నా పొట్టివాళ్ళని నిలబెట్టి చూడండి, ఎందుకంటే కిందనుంచి చూసేవాళ్ళకే లైటు ఎక్కువ కనిపిస్తుంది.

ఆ పొట్టివాళ్ళు మా ఇంట్లో మా తోడికోడలి కూతురు, మూడో తరగతి. నేల మీద కూర్చుని రెండో అరకేసి తలెత్తి చూస్తూ ఆడుకునేది. పిల్లల కంట్లో కటకం ఇంకా స్వచ్ఛంగా ఉంటుంది. పెద్దవాళ్ళ కన్నా వాళ్ళ రెటీనా, అంటే కంటి లోపలి తెర, దాకా నీలం కాంతి ఎక్కువ చేరుతుంది. లైట్లు వెలుగుతున్నప్పుడు పిల్లలు ఆ గదిలోకి రాకూడదు. ఇందులో నేను ఎవరి మాటా వినను.

అద్దంలా మెరిసే వెండి రంగు షీటు గోడలకి అంటించి ఉంటే, అందులో ప్రతిబింబించే లైటు కూడా లైటే అని గుర్తుంచుకోండి. మేం కంటికెదురుగా ఉన్న భాగం తీసేసి మామూలు తెల్లరంగు వేశాం. తెలుపు వెలుగుని అన్ని వైపులకూ చెదరగొడుతుంది కాబట్టి కంటికి గుచ్చుకోదు.

గులాబీ వెలుగు మాయ

ఎరుపు, నీలం చిప్పులు కలిపిన గులాబీ ప్యానెళ్ళు వాడేవాళ్ళు ఈ భాగం నిదానంగా చదవండి. మన కన్ను అన్ని రంగులకీ ఒకేలా స్పందించదు. కాంతి రంగుని దాని తరంగదైర్ఘ్యంతో, నానోమీటర్లలో చెబుతారు. 555 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చకి అన్నిటికన్నా బాగా స్పందిస్తుంది. మొక్కల లైట్లలో వాడే 450 దగ్గరి నీలానికీ, 660 దగ్గరి ఎరుపుకీ ఆ స్పందన పదోవంతు కూడా ఉండదు. అంటే గులాబీ ప్యానెల్ నుంచి శక్తి బాగా వస్తున్నా కంటికి "పెద్ద వెలుగేమీ కాదులే" అనిపిస్తుంది. లక్స్ మీటరు కూడా కంటిలాగే కొలుస్తుంది కాబట్టి అదీ తక్కువే చూపిస్తుంది. దాని మాట నమ్మి దగ్గరగా చూడకండి. రెటీనాకి ఎక్కువ చేటు చేసేది 440 చుట్టుపక్కల నీలమే. చిప్పు మీద చిన్న లెన్సు బిగించిన ప్యానెళ్ళలో వెలుగు ఒకే దిక్కుకి సూటిగా పోతుంది, వాటిని నేరుగా అసలు చూడకూడదు.

కొనేటప్పుడు పెట్టె మీద ఐఎస్ 16108 అనో ఐఈసీ 62471 అనో ఉందేమో చూడండి. కాంతి వల్ల కంటికీ చర్మానికీ వచ్చే ప్రమాదాన్ని కొలిచే ప్రమాణాలు అవి. లైట్లని నాలుగు వర్గాలుగా చెబుతాయి: ప్రమాదం లేనివి, ఆపైన 1, 2, 3. రెండో వర్గం లైటు చూస్తే కన్ను తనంతట తానే పావు సెకనులో మూసుకోవడమో పక్కకి తిప్పుకోవడమో చేస్తుంది, ఆ రక్షణ సరిపోతుందని లెక్క. పట్టుబట్టి చూస్తూ కూర్చుంటే ఆ లెక్క పనిచేయదు. మూడో వర్గం ఇంట్లోకి తేకండి.

గులాబీ వెలుగులో ఇంకో చిక్కు, ఆకు రంగు తెలియదు. ఆకుపచ్చ నల్లగా కనిపిస్తుంది. బేసిల్ ఆకు పసుపెక్కుతున్నా మాకు వారం దాకా తెలియలేదు. తెలియక ఇంకా దగ్గరగా చూస్తాం, కళ్ళు ఇంకా అలిసిపోతాయి. బయటికి రాగానే గోడలు, మనుషులు పచ్చగా కనిపిస్తే భయపడకండి. కన్ను ఆ ఎరుపుకి అలవాటు పడటం వల్ల అలా జరుగుతుంది, కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది. మేం గులాబీ ప్యానెళ్ళు తీసేసి పూర్తిగా తెల్ల ట్యూబులకి మారాం. ఇప్పటికే కొనేసినవాళ్ళు ఆకుపచ్చ రంగు అద్దాలు తీసుకోవచ్చు. అవి ఎరుపునీ నీలాన్నీ తగ్గించి ఆకుని ఆకులా చూపిస్తాయి.

కళ్ళద్దాలు కొనేటప్పుడు

తెల్ల ఎల్‌ఈడీల్లో యూవీ ఉండదనే చెప్పాలి. వాటికి కావాల్సింది స్విచ్చు, చూరు, నెత్తిన ఒక క్యాప్. క్యాప్ అంచు కనుబొమ్మలకి కాపలా, తేలిగ్గా తీసుకోకండి.

యూవీ ట్యూబు ఎక్కడున్నా లెక్క మారుతుంది. దాని కింద ఒక్క నిమిషం కూడా వట్టి కళ్ళతో ఉండకూడదు. పాలికార్బొనేట్ అద్దాలున్న, పక్కలు మూసుకునే సేఫ్టీ గ్లాసెస్ తీసుకోండి. వాటి మీద యూవీ 400 అనో ఈఎన్ 170 అనో, అంటే యూవీని ఆపుతాయని చెప్పే గుర్తు, ఉండాలి. పవర్ కళ్ళద్దాల మీదుగా పెట్టుకునేవి కూడా దొరుకుతాయి, పెద్ద ఖర్చు కాదు. చేతులు, మెడ కూడా కప్పుకోవాలి. అన్నిటికన్నా మంచిది, యూవీ వెలిగే గంట మనం గదిలో లేని గంట కావడం. టిష్యూకల్చర్ ల్యాబుల్లో (మొక్క ముక్కల నుంచి కొత్త మొక్కలు పెంచే చోట్ల) శుద్ధి కోసం వాడే యూవీ-సి, అంటే 254 నానోమీటర్ల ట్యూబులకీ ఇదే మాట, ఇంకా గట్టిగా. పాలీహౌసుల్లో మెటల్ హేలైడ్ దీపాలు వాడేవాళ్ళు ఒకటి చూసుకోండి: బయటి గాజు బుడ్డి పగిలినా లోపలిది వెలుగుతూనే ఉండొచ్చు, అప్పుడు యూవీ నేరుగా బయటికి వస్తుంది. వెంటనే మెయిన్ ఆపేసి బయటికి నడవండి.

నల్ల కూలింగ్ గ్లాసులు ఈ గదిలో వద్దు. యూవీ ఆపని చవక రకమైతే, నలుపు వల్ల కంటిపాప విచ్చుకుని లోపలికి ఇంకా ఎక్కువ పోతుంది. ఆపే రకమైనా, తడి నేల మీద వైర్ల మధ్య మసక చూపుతో నడవడం మంచిది కాదు. కంప్యూటర్ కోసం అమ్మే బ్లూ కట్ అద్దాలు నీలాన్ని కొంచెమే తగ్గిస్తాయి. వాటిని నమ్ముకుని లైటుకేసి చూడకండి.

మా అత్తయ్యకి శుక్లాల ఆపరేషన్ అయింది. మన సహజ కటకం యూవీనీ కొంత నీలాన్నీ ఆపుతుంది. దాని బదులు పెట్టిన లెన్సు ఏ రకమో డాక్టరునడిగి తెలుసుకోండి. మా అత్తయ్యకి పెసర మొలకలు కోయడం ఇష్టం. ఆవిడకి ట్రే భోజనాల బల్ల దగ్గరికి తెచ్చిస్తాం. డాక్సీసైక్లిన్‌లాంటి కొన్ని మందులు కూడా ఒంటికి వెలుగు సరిపడకుండా చేస్తాయి. కొత్త మందు రాసినప్పుడు మీ పని సంగతి చెప్పండి.

మంట, తలనొప్పి

యూవీ లేకుండానే సాయంత్రానికి కళ్ళు మండితే రెండు కారణాలు వెతకండి. మొదటిది గాలి. మొక్కలకి పెట్టిన ఫ్యాను మీ మొహానికి కొడుతుంటే, పైగా ఏసీ ఉంటే, కన్ను ఎండిపోతుంది. కత్తెరతో కోత కోసేటప్పుడు రెప్ప వేయడం మనకి తెలియకుండానే తగ్గిపోతుంది. ఫ్యాను ఎత్తు తగ్గించండి. 20 నిమిషాలకొకసారి 20 అడుగుల అవతల ఉన్నదాన్ని 20 సెకన్లు చూడండి. మాకు కిటికీలోంచి ఎదురింటి వేపచెట్టు ఉంది. రెండోది లైటు మినుకు. చవక డ్రైవరుంటే మన 50 హెర్ట్జ్ కరెంటుకి లైటు సెకనుకి వందసార్లు తగ్గి పెరుగుతుంది. కంటికి కనిపించకపోయినా తలనొప్పి తెస్తుంది. ఫోను కెమెరా స్లో మోషన్‌లో పెట్టి చూడండి, నల్ల చారలు పరుగెత్తుతుంటే డ్రైవరు మార్చండి.

ఇసుక పోసినట్టు నొప్పి మొదలైతే కాంటాక్ట్ లెన్సులు తీసేయండి, నులమకండి, చల్లటి తడిగుడ్డ వేసుకుని చీకటి గదిలో ఉండండి. ఆ రాత్రి మాకు ఒకరు ఆముదం వెయ్యమన్నారు, ఇంకొకరు చనుబాలు, రోజ్ వాటర్ అన్నారు. ఏవీ వెయ్యకండి. మందులషాపులో తిమ్మిరి చుక్కలు అడిగి వేసుకోవడం ఇంకా తప్పు. నొప్పి తెలియదు గానీ మానడం ఆలస్యమవుతుంది. డాక్టరుకి చూపించండి. హైదరాబాదులో మెహదీపట్నం సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది, బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ ఉంది.

నొప్పి లేకపోయినా ఆగకూడని గుర్తులు కొన్ని ఉన్నాయి. చూపు మధ్యలో మచ్చ, మెరుపులు, పక్కనుంచి తెర దిగినట్టు ఉండటం, తిన్నని గీతలు వంకరగా కనిపించడం. మేం ప్రతి ఆదివారం ఒక కన్ను మూసి కిటికీ ఊచలు చూస్తాం, తర్వాత రెండో కన్ను మూసి చూస్తాం. ఊచ వంగినట్టనిపిస్తే అదే రోజు వెళ్ళాలని ఒప్పందం. వెళ్ళేటప్పుడు లైటు పెట్టెకి అన్ని వైపులా ఫోటోలు తీసి ఫోనులో పెట్టుకోండి. ఏ రకం లైటు, ఎంత దూరంలో, ఎంతసేపు అన్నది డాక్టరు తప్పకుండా అడుగుతారు. మొదటిసారి వెళ్ళినప్పుడు మా దగ్గర ఆ పెట్టె లేదు.